ఓర్విలియా అప్పజెప్పిన కుండ

1942లో చర్చివాళ్లు మా కొండల మీద పడ్డారు. మా దేవతల్ని కొలిచే వోడూ అంటే సైతాను కొలువట. వదిలేశామని అందరూ ఒట్టు వెయ్యాలట, లేకపోతే సత్ప్రసాదం లేదు, జ్ఞానస్నానం లేదు. హైతీలో పొద్దున చర్చికీ, సాయంత్రం దేవతల దగ్గరికీ పోయే జనం మేము. రెండు కళ్లలో ఏది పొడుచుకుంటావని అడిగితే ఏం చెబుతాం?

ఓర్విలియా కూతురు జెజీలాకు ఆ ఈస్టరుకే మొదటి సత్ప్రసాదం. తెల్లగౌను కుట్టించి సిద్ధంగా పెట్టారు. ఆ ఇంట్లోనే మూలనున్న మట్టికుండలో ఓర్విలియా తల్లి ఉంది. పోయినవాళ్లు ఏడాదీ ఒకరోజూ నీళ్ల అడుగున ఉంటారు. ఆ తర్వాత పూజారి పిలిచి కుండలోకి తెస్తాడు. తెచ్చిననాడు ముసలావిడ తన గొంతుతోనే కాఫీ అడిగింది. అప్పట్నుంచి పిల్లకి జ్వరమొచ్చినా ఓర్విలియా ఆమెనే అడిగేది.

పూజారి మెజిదోర్ ఇంటికొచ్చాడు. "ఆ కుండ నాకియ్యి బిడ్డా. నా డోళ్లతో పాటు గుహలో దాస్తా. ఈ గోల ఎన్నాళ్లో ఉండదు."

"దాచేసి, సిలువ ముందు అబద్ధపు ఒట్టు వెయ్యమంటావా తాతా? ఆ పాపం పిల్లకి చుట్టుకోదూ?"

"సంకెళ్లతో ఓడల్లో బానిసలై వచ్చిన మన పెద్దోళ్లు ఈ దేవతల అండతోనే దొరల్ని తరిమారే! వీళ్లు సైతాన్లని ఫాదరంటే నువ్వూ తలూపుతావా?"

"ఫాదరు చదువుకున్నాయన, తాతా" అంది ఓర్విలియా.

మర్నాడు చర్చి ముందు మంట వేశారు. ఊరంతా తెలివిగా సంతలో కొన్న ఉత్తి కుండలు తెచ్చి, ఒట్టేసి, వేసినట్టు చర్చి ఇచ్చే కార్డులు పుచ్చుకున్నారు. నిజం కుండ తెచ్చింది ఓర్విలియా ఒక్కతే. ఫాదరు మూత తీశాడు. సైతాను దూకుతాడని ఫాదరుకి కాపలాగా వచ్చిన పోలీసులు కూడా వెనక్కి జరిగారు. లోపల ఉన్నదల్లా గుప్పెడు నెరిసిన జుట్టు, నాలుగు గోళ్ల ముక్కలు.

"దీనికా మీరు మొక్కేది!" అని నవ్వి మంటలో వేశాడాయన.

తల్లి చివరి రోజుల్లో ఓర్విలియా తన చేత్తో దువ్విన జుట్టు అది. కాలుతున్న వాసన తగలగానే ఓర్విలియా 'ఆగండి' అనబోయింది. పక్కనే జెజీలా ఆమె చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట ఆపుకుని ఒట్టేసింది.

ఏడాది తిరక్కుండా గోల సద్దుమణిగింది. గుహలోంచి డోళ్లొచ్చాయి, అందరి కుండలూ వచ్చాయి. ఓర్విలియా మెజిదోర్ కాళ్ల మీద పడింది. "ఒక్కసారి అమ్మని పిలువు తాతా."

"ఎక్కణ్ణించి పిలవను బిడ్డా? నీళ్లలో ఉంటే పిలుస్తా, కుండలో ఉంటే పిలుస్తా."

ముసలాయన ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

చాలా ఏళ్లకు ఓర్విలియా మంచం పట్టింది. పిల్లల తల్లయిన జెజీలా పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది. "దిగులుపడకమ్మా. ఏడాది దాటగానే పిలిపిస్తా. మంచి కుండ చూసి పెట్టా."

"వద్దే తల్లీ, నన్ను పిలవొద్దు."

"అదేం మాట? నిన్నలా నీళ్లలో వదిలేస్తానా?"

"మా అమ్మ ఎక్కడుందో వెతుక్కోవాలే. దొరికేదాకా రాను."