అన్నీ ఇంటికొచ్చాయా

ఆ విమానానికి కాగితాల మీద పెద్ద పేరే ఉంది గానీ, షెడ్డులో అందరూ దాన్ని పిట్ట అనే పిలిచేవారు. ఒక్క ఇంజిను, ఒక్క మనిషి. అది ఆకాశంలో పోట్లాడాలి, కింద బాంబులు వెయ్యాలి, తీరిక దొరికితే శత్రువు ఇంటికప్పులు ఫొటోలు తియ్యాలి. అన్ని పనులూ చెయ్యాలి, బరువు మాత్రం ఉండకూడదు. "విమానం కోసమా, కోడలి కోసమా మీరు వెతుకుతున్నది?" అని టూల్ రూం పిన్ని ఓసారి అంటే మెకానిక్కులు పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వులన్నీ మొదటి పిట్ట ఉన్న రోజుల నాటివి. ఇప్పుడు షెడ్డులో ఉన్నది రెండోది. మొదటిది ఊరవతల కొండ వాలులో పడి కాలిపోయింది. దాన్ని నడిపిన పొడుగబ్బాయి దానితోపాటే పోయాడు.

పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవడం పిన్ని ఉద్యోగం. గోడ పలక మీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఎర్ర రంగుతో నీడ గీసి ఉంటుంది. పనిముట్టు తీసుకున్నవాళ్ళు ఆ నీడలోని మేకుకు తమ ఇత్తడి బిళ్ళ తగిలించి పోవాలి. తిరిగిచ్చినప్పుడు బిళ్ళ తీసుకోవాలి. ఒక్క నీడ ఖాళీగా ఉన్నా విమానం కదలదు. లోపల మరిచిపోయిన చిన్న స్క్రూడ్రైవరు చాలు, గాల్లో ఎక్కడో ఇరుక్కుని మనిషి ప్రాణం తియ్యడానికి.

పైలట్లు పలక చూసి సంతకం పెడితే చాలు, రూలు అంతే. కానీ పొడుగబ్బాయి పిట్ట ఎక్కేముందు తనే టూల్ రూం కిటికీ దగ్గరికి వచ్చేవాడు. ఆ ఇరుకు కాక్‌పిట్‌లో గొడుగులా ముడుచుకుని కూర్చునే మనిషి, కిటికీలోంచి మాట్లాడాలన్నా నడుం దాకా వంగాల్సిందే.

"అన్నీ ఇంటికొచ్చాయా పిన్నీ?"

"వచ్చాయి నాయనా. వెళ్ళిరా."

దిగాక మళ్ళీ వచ్చి, కిటికీ గట్టు మీద ఆమె పెట్టిన గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగేవాడు. ఆఖరి రోజున కూడా ఆమె "వచ్చాయి" అనే చెప్పింది. నీళ్ళు పోసి పెట్టింది. సాయంత్రం దాకా ఆ గ్లాసు అలాగే ఉండిపోయింది. కొండ వైపు నుంచి వచ్చిన మసి నీళ్ళ మీద తెట్టులా కట్టింది.

ఇంధనం పంపు విరిగిందని విచారణలో తేల్చారు. ఆ మాట పిన్ని చెవికెక్కలేదు. తను "వచ్చాయి" అంది, అతను పోయాడు. ఆమెకు తెలిసింది అదొక్కటే. అప్పటి నుంచీ కిటికీ తలుపు గాలికి కొట్టుకున్నా, గ్లాసు గట్టుకు తగిలి చప్పుడైనా ఆ గొంతే వినిపించేది. అన్నీ ఇంటికొచ్చాయా పిన్నీ. ఆమె తల వంచుకుని, తుడిచిన స్పానరునే మళ్ళీ తుడిచేది.

ఇక ఆ ప్రశ్న అడగకుండా ఎవరూ పిట్ట ఎక్కకూడదని పైలట్లు తమలో తాము అనుకున్నారు, అతని గుర్తుగా.

రెండో పిట్టను మొదటిసారి ఎవరు ఎగరేస్తారో తెలిసిన రోజు పిన్ని చేతిలోని సుత్తి జారి కాలి మీద పడింది. ఎగరేసేది ఆమె కూతురే.

"ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు ఎంచుకున్నారే?" అంది ఆ సాయంత్రం ఇంట్లో.

"బరువు తక్కువని," అంది కూతురు, బూట్లు విప్పుకుంటూ.

"వేళాకోళం ఆడకు."

"నేల మీది బొమ్మ కాక్‌పిట్‌లో దాన్ని నాకన్నా ఎక్కువ నడిపినవాళ్ళు లేరమ్మా. పంపు మార్చేశారు. ఇది వేరే పిట్ట."

"పేరు అదే కదా."

"తాత పేరే అన్నయ్యకి పెట్టావు. వాడు గురక కూడా తాతలాగే పెడతాడు. అంతమాత్రాన తాత అయిపోయాడా?"

పిన్ని నవ్వలేదు. కూతురు మెట్లు దిగుతుంటేనే జారుతావనే మనిషి. గ్యాసు కట్టేశామో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషి. ఆ భయాలన్నీ ఆమెకు పాత చుట్టాలే. ఈ భయం అలాంటిది కాదు. విమానం కన్నా ఆమెకు తన నోరంటేనే ఎక్కువ భయం. కూతురు కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతుంది. తను ఆ మాటే అనాలి.

ఎగిరే రోజు పొద్దున రెంచి మామ కాడ అద్దం తిరిగి తెచ్చాడు. పళ్ళ డాక్టరు నోట్లో పెట్టి చూసే అద్దం లాంటిదే, కాస్త పెద్దది. ఇంజిను పక్కన తల దూరని చోట్లు అందులోనే చూసుకోవాలి. రెంచి మామ షెడ్డులో అందరికన్నా పాతవాడు. ఆయన చేతులు రెంచి లేకుండా ఎవరూ చూడలేదు గనుక ఆ పేరు వచ్చింది. పనిముట్టు గట్టు మీద పెట్టి, బిళ్ళ తీసుకోకుండానే వెళ్ళిపోవడం ఆయన అలవాటు. "మళ్ళీ వస్తాగా, నీ దగ్గరే ఉండనీ చెల్లెమ్మా," అనేవాడు. ఆమే పనిముట్టు మేకుకు తగిలించి, బిళ్ళ తీసి పక్కన పెట్టేది.

ఆ పొద్దున ఆమె అద్దం తగిలించలేదు. చేతిలోకి తీసుకుని చూస్తే అందులో తన కన్ను, దాని వెనక కిటికీ, కిటికీలోకి వంగిన ఓ పొడుగాటి ఆకారం. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. చెయ్యి దానంతటదే టిఫిన్ డబ్బా మూత తీసింది. అద్దం లోపల పెట్టి మూత బిగించింది. ఎర్ర నీడలో రెంచి మామ బిళ్ళ మిగిలిపోయింది.

కాసేపటికి కూతురు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది.

"అన్నీ ఇంటికొచ్చాయా అమ్మా?"

"లేదు," అంది పిన్ని. "కాడ అద్దం రాలేదు."

పిట్టను గీసిన పెద్ద ఇంజినీరు రేకులు విప్పండని చేత్తో సైగ చేశాడు. బరువు తగ్గించండి, తగ్గించండి అని రోజూ ప్రాణాలు తోడే మనిషి, ఈయన కోసం మీసాలు కూడా గొరిగించుకోవాలేమోనని అందరూ గొణుక్కునే మనిషి, విప్పిన రేకులన్నీ తనే మోసి వరుసగా పేర్చాడు.

"ఇచ్చేశాను," అన్నాడు రెంచి మామ మొదట. ఇంజిను దగ్గర టార్చి పెట్టి వెతికాక, "ఇచ్చాననే గుర్తు," అన్నాడు. ఇంకాసేపటికి పిట్ట చక్రం పక్కన చతికిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నీ చేతికిచ్చానా నేను?"

పిన్ని చూపు తిప్పుకుంది.

"ఇవ్వలేదన్నమాట." ఆయన చేతిలోని రెంచి వైపు చూశాడు. "మొదటి పిట్టలో కూడా ఆఖరున చెయ్యి పెట్టింది నేనే. పంపు అన్నారు. కాలి బూడిదైన దాంట్లో ఎవరికేం తెలుస్తుంది? ఆ రోజూ బిళ్ళ నీ దగ్గరే వదిలేశాను. ఏదో లోపల మరిచిపోయి ఉంటాను. ఆ పిల్లాణ్ణి నేనే..."

చేతిలోని రెంచి నేల మీద పడింది. ఆయన తీసుకోలేదు.

ఆ పొద్దున, పొడుగబ్బాయి వెళ్ళిన పొద్దున, ఒక్క నీడా ఖాళీగా లేదు. పిన్ని కళ్ళకు ఆ పలక ఇప్పటికీ కట్టినట్టు కనిపిస్తుంది. ఆ రోజు తను చెప్పింది నిజం. అబద్ధం చెప్పింది ఈ రోజు. ఇన్నాళ్ళూ తన చెవిలో కాపురమున్న గొంతును తీసుకెళ్ళి ఈయన చెవిలో పెట్టింది.

ఆమె డబ్బా తెచ్చి, అందరి ముందూ మూత తీసింది.

"నువ్విచ్చావు అన్నయ్యా. ఈ రోజూ ఇచ్చావు, ఆ రోజూ అన్నీ ఇచ్చావు. దాచింది నేను."

రెంచి మామ అద్దాన్ని తీసుకుని, దాని రెండు వైపులా బొటనవేలితో రుద్ది చూశాడు. అది నిజంగా ఉందో లేదోనన్నట్టు.

"ఇక మీరు కిటికీలో కూర్చోవద్దమ్మా," అన్నాడు పెద్ద ఇంజినీరు మెల్లగా. "పిట్టను మళ్ళీ మూసేసరికే పొద్దుపోతుంది. రేపు ఎగరేద్దాం."

ఇంటికి వెళ్ళే దారిలో కూతురు నాలుగడుగులు ముందే నడిచింది.

"నేను నీ కూతుర్నా, డబ్బాలో దాచుకునే వస్తువునా?" అంది చివరికి.

"రెండూనే."

"మామ మొహం చూశావా నువ్వు?"

"చూడబట్టేగా తీసిచ్చాను."

మర్నాడు కిటికీలో రెంచి మామ కూర్చున్నాడు. ఆయన బిళ్ళ ఆయన జేబులోనే ఉంది. ఇక దాన్ని ఎవరి దగ్గరా వదలడని ఆ జేబు మీద వేసుకున్న చెయ్యి చూస్తేనే తెలుస్తోంది. పిన్ని బయట బెంచీ మీద కూర్చుంది. కూతురు కిటికీలో అడిగింది, ఆయన వచ్చాయన్నాడు. అయినా ఆ పిల్ల విమానం వైపు వెళ్ళలేదు. బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వు కూడా చెప్పు."

"నా మాట ఇప్పుడెవరిక్కావాలి?"

"నాకు కావాలి. అన్నీ ఇంటికొచ్చాయా అమ్మా?"

ఎండలో కూతురి నీడ ఆమె కాళ్ళ దగ్గర పడింది. దాని పక్కన ఇంకో నీడ, అంతకన్నా పొడుగ్గా, వంగి, జవాబు కోసం ఆగినట్టుంది. ఆమె అటు చూడలేదు. లేచి కిటికీ దాకా వెళ్ళి, పలక మీది నీడలను ఒక్కొక్కటిగా చూసుకుంది.

"వచ్చాయి," అంది. "వెళ్ళిరా."

పిట్ట లేచినప్పుడు ఆమె ఆకాశం వైపు చూడలేదు. కూజాలోంచి నీళ్ళు వంచి గట్టు మీద రెండు గ్లాసులు పెట్టింది. రెంచి మామ చూశాడు. చప్పుడు కొండ వైపు వెళ్ళి సన్నబడింది, అసలు లేకుండా పోయింది. పిన్ని గట్టు అంచు పట్టుకుని నిలబడింది. ఎంతకీ ఏమీ వినిపించలేదు. తర్వాత, అనుకోని వైపు నుంచి, చప్పుడు తిరిగి వచ్చింది.

చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి, కూతురు వచ్చి ఒక గ్లాసు గటగటా తాగేసింది. రెండోదాని మీద చెయ్యి వేసింది.

"అది ఉండనీ," అంది పిన్ని.

కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంజిను ఎప్పుడో ఆగిపోయింది, గాలి కూడా లేదు. గ్లాసులో నీళ్ళు మాత్రం, ఎవరో అప్పుడే పెదాలు ఆనించి దింపినట్టు, చిన్నగా కదులుతున్నాయి.

"వచ్చావా నాయనా," అంది పిన్ని.