బల్ల దగ్గర మంచినీళ్ళు

ఒలుస్తున్న రొయ్య చేతిలో ఉండగానే సుజన బల్ల మీదికి ఒరిగిపోయింది. పక్కనున్న నాగమ్మ పట్టుకునేలోపే తల ఐసు తొట్టికి కొట్టుకుంది.

"నాటకాలాపి లేవమను!" అని అరిచాడు సూపర్‌వైజరు వరప్రసాదం. "మిగతావాళ్ళు చేతులాడించండి, ఐసు కరిగిపోతోంది!"

ఐసు కరిగిపోతోందట! పిల్ల కళ్ళు తేలేస్తే వాడి దిగులంతా ఐసు మీద!

రేపల్లె రోడ్డులోని ఆ రొయ్యల ఫ్యాక్టరీలో బాత్రూమ్‌కి వెళ్ళాలంటే మెడలో ఎర్ర బిళ్ళ వేసుకోవాలి. హాలు మొత్తానికీ బిళ్ళ ఒక్కటే. అడిగితే చాలు, "మళ్ళీనా?" అని అందరికీ వినబడేలా అంటాడు వరప్రసాదం. ఆ సిగ్గుకి ఆడవాళ్ళు షిఫ్టు అయ్యేదాకా గొంతు తడుపుకోరు. కొత్తగా చేరిన పిల్లకి పెద్దవాళ్ళు ముందు నేర్పేది రొయ్య ఒలవడం కాదు, నీళ్ళు తాగకుండా ఉండటం. సుజనకు అది నేర్పింది నాగమ్మే.

తెనాలి ఆస్పత్రిలో డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. నీళ్ళు తాగక, ఆపుకుని ఆపుకుని, జబ్బు కిడ్నీలదాకా పాకిందట. సుజన ఇంకా మంచం మీద ఉండగానే కంపెనీ నుంచి ఫోనొచ్చింది, ఇక పనిలోకి రావద్దని.

సుజన పడిపోయిన రెండో రోజు సాయంత్రం కంపెనీ బస్సులో గొడవ మొదలైంది.

"సుజనని మళ్ళీ పనిలోకి తీసుకునేదాకా మనం రొయ్య ముట్టకూడదు," అంది మహాలక్ష్మి.

"నీకేంటమ్మా, మీ ఆయనకి పడవుంది. మా పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అంటూ అచ్చమ్మ కస్సుమంది.

"పడవుంటే చేపలు వాటంతటవే ఎక్కి కూర్చుంటాయా వదినా? సముద్రంలో ఏముందని నేనిక్కడ ఐసులో చేతులు పెడుతున్నా?"

నాగమ్మ లేచి నిలబడింది. రెండు రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

"నీళ్ళు తాగొద్దని దానికి చెప్పింది వరప్రసాదం కాదే, నేను. ఓర్చుకోవడమే పనితనం అనుకున్నా. వాళ్ళేసిన తాళానికి మనమే కాపలా కాశాం. రేపు తాగుదాం. అందరం, బల్ల దగ్గరే, వాడి కళ్ళ ముందే."

అచ్చమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తెల్లారి ఆడవాళ్ళు సీసాలతో వచ్చారు. బల్లల ముందు నిలబడి గటగటా తాగారు. బిళ్ళ మేకుకే వేలాడుతుంటే, ఎవర్నీ అడక్కుండా బాత్రూమ్‌కి వెళ్ళొచ్చారు. రొయ్య మాత్రం ముట్టలేదు. అచ్చమ్మ ఒక్కతే తలవంచుకుని ఒలుస్తోంది.

బాపట్ల నుంచి మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? మనమంతా ఒకే కుటుంబం కదా!"

"కుటుంబమైతే మీ ఆవిడక్కూడా మెడలో బిళ్ళేసే పంపుతారాండి?" అంది మహాలక్ష్మి. హాలంతా ఘొల్లున నవ్వింది.

"సుజనని పనిలోకి తీసుకోండి. ఆ బిళ్ళ తీసేయండి," అంది నాగమ్మ. "అప్పుడే రొయ్య ముట్టుకుంటాం."

మేనేజరు మొహం మాడ్చుకుని పోలీసులకు ఫోన్ చేశాడు.

జీపు రాగానే వరప్రసాదం నాగమ్మను వేలుపెట్టి చూపించాడు. కానిస్టేబులు వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. నాగమ్మకు ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు. అయినా సీసా వదల్లేదు.

"అది అక్కడ పడేసి నడువ్!" అని కసిరాడు కానిస్టేబులు.

"పడెయ్యకు నాగమ్మా!"

అందరూ వెనక్కి తిరిగారు. అచ్చమ్మ! చేతి తొడుగులు పీకి బల్ల మీద కొట్టి, జనాన్ని తోసుకుంటూ వచ్చి కానిస్టేబులుకి అడ్డంగా నిలబడింది.

"ఆ సీసా ఇటివ్వు," అంది. "నేనింకా తాగలేదు."