కుప్పంలో కూర్చున్న నీడ

"మణెమ్మా! ఓ మణెమ్మా!"

వీధి చివరి ఇంట్లోంచి ఆదిలక్ష్మమ్మ మొగుడు పిలుస్తున్నాడు. మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనక ఉన్న ఆ వరస ఇళ్లలో పొద్దున పూట ఎవరో ఒకరు ఎవర్నో ఒకర్ని పిలుస్తూనే ఉంటారు. అందుకని ఎవరూ తల తిప్పలేదు. మణెమ్మ చేట ఒళ్లో పెట్టుకుని శనక్కాయ విత్తనాల్లో రాళ్లేరుతోంది. ఆమె లేవలేదు. ఆమె నీడ మాత్రం గోడ మీంచి లేచి, కొంగు సర్దుకుని, కాలవ దాటి ఆదిలక్ష్మమ్మ ఇంట్లోకి పోయింది. అక్కడ ఆయన కడుపులో రాయి నొప్పికి మెలికలు తిరుగుతున్నాడు. నీడ మంచం పక్కన కూర్చుంది. నొప్పి పోలేదు గానీ, బరువుకి అవతలి పక్క ఇంకొకరు చెయ్యి వేసినట్టయింది ఆయనకి. కాసేపటికి నిద్రపోయాడు.

మణెమ్మ ఆస్పత్రిలో వార్డు ఆయాగా చేసి రిటైరయిన మనిషి. ఒక మంచం దగ్గరుంటే ఇంకో మంచం వాళ్లు పిలిచేవాళ్లు. అప్పట్నించి నీడకి ఆ అలవాటు. నొప్పితో పేరు పెట్టి పిలిస్తే తంబళ్లపల్లెకైనా సోమలకైనా పోతుంది. ఒకసారికి ఒకరి దగ్గరే కూర్చుంటుంది. పిలిచిన మనిషిని గొంతుని బట్టి గుర్తుపడుతుంది. ఎండాకాలం బస్సులో ఒక సీటు మాత్రం చల్లగా ఉంటే, మణెమ్మ ఎవరికో తోడు పోతోంది అనుకుని జనం ఆ సీటు వదిలేసేవాళ్లు. కండక్టరు టికెట్ అడిగేవాడు కాదు.

ఆమె మనవడు డానీ. తల్లీదండ్రీ లేని బిడ్డని మణెమ్మే సాకింది. పుంగనూరు చర్చిలో ఒక పెండ్లికి పోయినప్పుడు డానీ షైలజ పాట విన్నాడు. మనిషిని తర్వాత చూశాడు, గొంతుని ముందు ప్రేమించాడు. వాన పడే ముందు వచ్చే గాలిలాంటి గొంతు అది. పెండ్లయి ఏడాది తిరిగేలోపు షైలజ నీళ్లోసుకుంది, తొలి కాన్పుకి పుంగనూరులో పుట్టింటికి పోయింది. సూది చూస్తేనే కళ్లు తిరిగే పిల్ల. పోతూ పోతూ మణెమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, నొప్పులొచ్చినప్పుడు నీడని పంపమని.

"పంపేదేముందే, నువ్వు పిలువు, అదే వస్తాది" అనింది మణెమ్మ.

డానీకి కుప్పంలో ఉద్యోగం. బస్టాండు దగ్గర కొత్తగా కట్టిన షోరూములో టీవీలూ, ఫ్రిజ్జులూ, ఫోన్లూ అమ్మాలి. మేనేజరు అరుణ్ కుమార్ ఎప్పుడూ నవ్వే మనిషి. జనమంతా ఫోన్లోనే కొనేస్తున్నారనీ, తెరిచే రోజున షాపు నిండకపోతే తన ఉద్యోగమూ డానీ ఉద్యోగమూ రెండూ పోతాయనీ చెప్పాడు. తర్వాత మెల్లగా నీడ మాటెత్తాడు. మీ అవ్వ నీడ వచ్చి కూర్చుంటే ఊరంతా వస్తుంది కదా అన్నాడు. బాగలేని వాళ్ల దగ్గరికే పోతుంది సార్ అన్నాడు డానీ.

"అయితే బాగలేని గొంతు ఒకటి పట్టుకో రాప్పా. ఫోన్లో లేనిదేముండాది ఈ కాలంలో" అన్నాడు అరుణ్ కుమార్. షాపు నిండితే ఇన్‌చార్జి పోస్టు నీదేనన్నాడు. పైన మేడ మీద ఇల్లు కూడా ఇస్తామన్నాడు.

మేడ మీది ఇంటిని డానీ కళ్లలోనే కట్టేసుకున్నాడు. కిటికీకి నీలం తెర, గోడకి పెద్ద టీవీ, నడవలో ఉయ్యాల, ఉయ్యాల పక్కన పాడుతూ షైలజ. ఆ సాయంత్రమే ఆమెకి ఫోన్ చేశాడు. అవ్వని పేరు పెట్టి ఒకసారి పిలువు, నొప్పి పడతాండట్ల పిలువు, రికార్డు చేసుకుంటా అన్నాడు.

"యాల?" అని నవ్వింది షైలజ.

"నీ గొంతు నా దగ్గర ఉండాలని. ఆడ ఒక్కణ్నే ఉండాను కదా."

అవ్వని పేరు పెట్టి పిలవాలంటే సిగ్గని కాసేపు గునిసింది. మొగుడు తన గొంతు కోసం అల్లాడుతున్నాడని లోపల మురిసింది. వాచిన కాళ్లు దిండు మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, మణెమ్మా అని మూలుగుతూ పిలిచింది. ఎంత బాగా పిలిచిందంటే పక్క గదిలోంచి తల్లి ఫ్లారెన్స్ పరుగున వచ్చి, సంగతి తెలిసి, ఇద్దర్నీ తిట్టింది. ఆ పిలుపులో నిజం నొప్పి లేదు కాబట్టి నీడ మదనపల్లెలో కదల్లేదు.

షోరూము తెరిచే రోజు డానీ ఆ పిలుపుకి ఫోన్లో పదును పెట్టాడు. నవ్వు వినిపించే చోట కత్తిరించాడు, నిజం నొప్పి అనిపించేదాకా వణుకు పెంచాడు. మనిషంత ఎత్తున్న స్పీకరుకి తగిలించాడు. మధ్యలో కాల్స్ వస్తే ఆగిపోతుందని ఫ్లైట్ మోడ్ పెట్టాడు. షైలజ గొంతు బజారంతా మోగింది.

నీడ వచ్చింది. అద్దాల తలుపులోంచి జరిగి వచ్చి, టీవీల మధ్య ఎవరి కోసమో వెతికి, చివరికి స్పీకరు పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో దాని చెమట తుడవడం మొదలుపెట్టింది.

జనం నిజంగానే వచ్చారు. నీడ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఒకాయన తన బిడ్డని దాని ఒళ్లో కూర్చోబెట్టి తీయించుకున్నాడు. ఏ ఫోటోలోనూ నీడ పడలేదు, అయినా తీస్తానే ఉన్నారు. తీసి, పడలేదని చెరిపేసి, పక్కనే ఉన్న ఫ్రిజ్జు ధర అడిగారు. ఒక ముసలామె మాత్రం అది ఎవరికి తోడు కూర్చుందని అడిగింది.

"స్పీకరుకి ఒళ్లు బాగలేదంట లేమ్మా" అన్నాడు అరుణ్ కుమార్. అందరూ నవ్వారు.

నీడ మధ్యలో ఒకసారి సగం లేచింది, పుంగనూరు దిక్కు తిరిగింది. స్పీకరు మళ్లీ పిలిచింది. అదే గొంతు. నీడ మళ్లీ కూర్చుంది.

ఆ పొద్దున్నే పుంగనూరులో షైలజకి నెల నిండకముందే నొప్పులొచ్చాయి. ఆస్పత్రి మంచం మీద ఈసారి సిగ్గు లేకుండా, నవ్వు లేకుండా పిలిచింది. ఫ్లారెన్స్ నీడ కోసం గోడలన్నీ చూసి మదనపల్లెకి ఫోన్ చేసింది.

"నీ నీడ యాడుండాదమ్మా? బిడ్డ పొద్దున్నించి పిలస్తాండాది."

"పొద్దున్నే వచ్చింది కదమ్మా, షైలజ గొంతే విన్నాను. మంచం పక్కన బాగా సూడు."

"ఈడ నా నీడ తప్ప ఏమీ లేదు."

డానీకి చేసిన కాల్స్ కలవలేదు. షైలజ పిలిచింది. పిలిచేకొద్దీ గొంతు సన్నబడింది. ఆడపిల్ల పుట్టి ఏడ్చే సమయానికి తల్లి నోరు తెరిచే ఉంది గానీ అందులోంచి గాలి మాత్రమే వస్తోంది. డాక్టర్లు చూసి గొంతులో ఏ దెబ్బా లేదన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

షోరూములో నాలుగు వైపుల నుంచీ లైట్లు. అన్ని దిక్కుల వెలుతుర్లో నీడ పలచబడుతూ వచ్చింది. షాపు మూసే వేళకి డానీ స్పీకరు ఆపి చూస్తే, నేల మీద తడిగుడ్డతో తుడిచినట్టు ఒక మరక ఉంది. అదీ ఆరిపోయింది.

అప్పట్నించి మణెమ్మ ఎండలో నిలబడితే ఎండ ఆమె కాళ్ల కింద కూడా పడుతుంది. కాంపౌండులో ఆమెని పిలవడం మానేశారు, అంతే. సొంత మనవడి పెండ్లాం దగ్గరికే పోని నీడ ఎందుకని ఫ్లారెన్స్ అన్న మాట మాత్రం ఇంటింటికీ తిరిగింది. ఇప్పుడు ఎవరికన్నా బాగలేకపోతే ఫోన్లో గ్రూపులో పెడతారు. వరసగా దండం బొమ్మలు వచ్చి పడతాయి. ఎవరూ లేచి పోరు. ఆదిలక్ష్మమ్మ మొగుడికి రాయి నొప్పి మళ్లీ వచ్చినప్పుడు చాలా దండాలు వచ్చాయి. ఆయన ఒక్కడే మెలికలు తిరిగాడు.

డానీకి పోస్టు వచ్చింది. మేడ మీది ఇల్లు వచ్చింది. కిటికీకి నీలం తెర వేశాడు, గోడకి టీవీ పెట్టాడు. షైలజ ఉయ్యాల ఊపుతుంది, పెదాలు ఆడిస్తుంది. బిడ్డ ఆ పెదాల వంక చూసి చూసి నిద్రపోతుంది.

బిడ్డకి మూడో నెల వచ్చాక ఆ ఇంట్లోనే కృతజ్ఞత కూడిక పెట్టారు. మదనపల్లె నుంచి కాంపౌండు వాళ్లు వ్యాన్లో వచ్చారు. చాలామంది టీవీ వంకే చూస్తుంటే పాస్టర్ జయరత్నం దాన్ని ఆపమన్నాడు. ప్రార్థన అయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పండి అన్నాడు.

మణెమ్మ లేచింది. నడుం వంగింది ఈ మూడు నెలల్లో. తన నీడకి ముసలితనంలో మతి తప్పిందనీ, పొద్దున్నే బయల్దేరి దారి మరిచి యాడో పడిపోయిందనీ, అందరూ క్షమించమనీ చెప్పింది. షైలజ ముందర కూర్చుని ఆ పిల్ల కాళ్లు పట్టుకోబోయింది. షైలజ వద్దు వద్దని చేతులు ఊపుతోంది. ఫ్లారెన్స్ మొహం అవతలికి తిప్పుకుంది. ఎవరూ ఆపలేదు.

డానీ లేచాడు. సాక్ష్యం అనుకుని జయరత్నం తల ఊపాడు.

"అవ్వా, లెయ్. నీ నీడకి మతి తప్పలేదు" అన్నాడు. తర్వాత షైలజ వైపు తిరిగాడు. "నీ గొంతు అడిగింది నా కోసం కాదు షైలూ. షాపు కోసం. దాన్ని స్పీకర్లో పెట్టి అవ్వ నీడని ఈడికి పిలిపించినాను. నువ్వు ఆడ పిలస్తాంటే అది ఈడ, కింద షాపులో, స్పీకరుకి చెమట తుడస్తా కూర్చోనుండాది. ఒకసారి లేచింది కూడా, నీ దగ్గరికి పోను. నేను సూసినాను. సూసి, సౌండు పెంచినాను."