నాలుగో పేరు

పరిశోధన పత్రిక వాళ్ల ఉత్తరం వచ్చేసరికి, ల్యాబులో అందరూ స్లైడక్క అని పిలిచే టెక్నీషియను మైనంలో పొదిగిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కోసం పొరగా కోస్తోంది. వెంట్రుక కంటే పలచని పొర. ఊపిరి తగిలినా చిరుగుతుంది. అందుకే పరిశోధన చేసే అమ్మాయి తలుపు తోసుకొచ్చి "అక్కా, మన పేపరు తీసుకున్నారు" అన్నా, ఆమె పొరను కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ల మీద పరిచాకే తలెత్తింది. ముడతలన్నీ విప్పుకుని పొర తేలింది. ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్నా ఆ క్షణం ఆమెకు ముద్దుగానే ఉంటుంది.

"నా పేరుందా?"

"ఉంది. నాలుగోది."

ఆ గదిలో కోసిన పొరలతో ఎందరో డాక్టరేట్లు తెచ్చుకున్నారు. పేపరు మీద ఆమె పేరు పడటం మాత్రం ఇదే మొదలు. ఉద్యోగానికి ఇదే చివరి రోజు. స్లైడ్ల మీద అంకెలు రాస్తూ మధ్యలో భర్తకు ఫోన్ చేసింది.

"ఆరుగురిలో నాలుగోదాన్నండీ."

"ఇంట్లో మొదటి పేరు నీదేలే," అన్నాడాయన.

మూడింటికి అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలోనే ఆగింది.

"ప్రొఫెసరు గారు మన సంస్థ డైరెక్టరు గారి పేరు కలపమన్నారక్కా. ఏడుగురయ్యాం."

"కలపనీ. నాదేం పోయింది?"

"రేపు మన పేపరును ఎవరు ప్రస్తావించినా, ఆరుగురి వరకైతే అందరి పేర్లూ రాస్తారు. ఏడుగురైతే మొదటి మూడు రాసి, తక్కినవాళ్లని 'ఇతరులు' అనేస్తారు. పత్రికల పద్ధతి అది."

స్లైడక్క వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాలుగో వేలి దగ్గర ఆగింది.

"ఇన్నాళ్లూ కూరలో కరివేపాకునే. ఇవాళ ముక్కనయ్యానని మురిసిపోయా."

"ప్రొఫెసరు గారిని అడిగి చూశాను. పేపరు మీద పేరుందిగా, ఇంకేం కావాలన్నారు."

స్లైడక్క మిగిలిన మైనం దిమ్మ కోసింది. బ్లేడు తుడిచింది. ఐదింటికి ఆఫీసులో గుర్తింపు కార్డు అప్పగించి, సంచి కోసం గదికి వచ్చింది.

"రేపు పదింటికి డైరెక్టరు గారి దగ్గరికి వెళ్తా. ఒక్క పొర ఆయన్నే కోసి చూపించమంటా. చిరక్కుండా కోస్తే నా పేరు నేనే కొట్టేస్తా."

"కార్డు లేకుండా లోపలికి రానివ్వరక్కా."

"గేటు దగ్గరే నిలబడతా. ఆయన కారు ఆగేది అక్కడేగా."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. తెల్లకోటు కొక్కేనికి వేలాడుతూనే ఉంది. దాని ఎడమ చేతి అంచుకు అంటిన మైనం పొట్టు ఇంకా రాలలేదు.