బీరువాలో కళ్లద్దాలు

ఆగండి, ఒక్క నిమిషం, శారమ్మ గురించి విని వెళ్లండి. నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఆయా ఆమె. వంగిన నడుము, ఫినాయిల్‌కి తెల్లబారిన వేళ్లు. కొంగు బొడ్లో దోపి, నేల తుడుస్తూ, ప్రతి మంచం దగ్గరా పలకరిస్తూ పోతుంది.

ఆ ఉదయం తుంటి ఆపరేషనైన పున్నయ్య పలకలేదు. బోధన్ దగ్గర చెరకు రైతు. నిన్న ఆమెతో తీరిగ్గా కబుర్లు చెప్పినవాడు ఇవాళ దుప్పటిని నీళ్లలా తోసేస్తూ, "కాలువ గట్టు తెగింది, తోట మునిగిపోతోంది" అంటున్నాడు. శారమ్మ చెయ్యి పట్టుకోగానే "తూము ఎత్తింది నువ్వే, దొంగముండా" అని మణికట్టు మెలిపెట్టాడు; ఆమె ఎర్ర గాజు ఒకటి చిట్లింది.

కొడుకు విజయ్‌కుమార్ బిత్తరపోయాడు. "చేతులు కట్టేయండమ్మా, సూది పీకేసుకుంటాడు. నాన్నకి మతిపోయింది."

"నిన్న మంచిగ ముచ్చట పెట్టిండు బిడ్డా. మతి గిట్ల ఒక్కసారి పోతదా? జర ఆగు, మేడంను పిలుస్త."

డాక్టర్ రజిని వచ్చి జ్వరం చూసింది, మూత్రం పరీక్షకు పంపింది. "పిచ్చి కాదు, డెలీరియం. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే పెద్దవాళ్ల మెదడు ఇలా తికమకపడుతుంది. మందు ఇస్తే తగ్గుతుంది. కట్టేస్తే ఇంకా బెదిరిపోతారు. ఆయన కళ్లద్దాలేవి? చెవి మిషనేది?"

"ఇక్కడైతే పోతాయని ఇంట్లో బీరువాలో పెట్టించానండీ."

"మంచిగ దాసినవ్," అంది శారమ్మ. "అద్దాలు బీరువల, బాపు చీకట్ల."

అవి తెప్పించారు. శారమ్మ కిటికీ తెర తీసి పక్కన కూర్చుంది. "నేను శారమ్మను బాపు. ఇది దవాఖాన. మీ కొడుకు ఈడనే ఉన్నడు." గట్టు బాగుందని అబద్ధం చెప్పలేదు, తెగలేదని వాదించలేదు. ఆయన తిట్టినప్పుడల్లా అదే మాట, అదే గొంతు, మధ్యమధ్య చెంచాతో నీళ్లు. డ్యూటీ అయిపోయినా కదల్లేదు. భర్త దేవదాస్ వేరే ఊరి ఆసుపత్రిలో పోయినప్పుడు ఆయన చేతులు మంచానికి కట్టి ఉన్నాయన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

సాయంత్రానికి పున్నయ్య నిద్రపోయాడు. కొన్నాళ్లకు తేరుకుని, చక్రాల కుర్చీలో ఇంటికి బయల్దేరాడు. జరిగిందేదీ గుర్తులేదు, కొడుకు చెప్పగా విన్నదే. శారమ్మ మణికట్టు మీద కమిలిన చోట ఆయన చూపు ఆగింది.

"ఇది నేను చేసిందేనా అమ్మా?"

ఆమె కొంగు లాగి మణికట్టు కప్పుకుంది.

"గప్పుడు మీరు లేరు బాపు. జ్వరముండె."

ఆయన రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. శారమ్మ పక్క దులుపుతుంటే పరుపు సందులోంచి ఆ రోజు చిట్లిన ఎర్ర గాజుముక్క ఒకటి తడి నేల మీద పడి మెరిసింది. మీరైతే ఆయనకేం చెప్పేవారు?