ఉప్పు చూసిన వేలు

దైవాధీనం మూత్రంలో నెత్తురు పడటం 1997 అక్టోబరులో మొదలైంది. బందరు శివారున ఈశ్వరప్రసాద్ అద్దకం షెడ్డులో అతను ఇరవై రెండేళ్లుగా ఎరుపు కాగు చూస్తున్నాడు. నెత్తురు సంగతి చెబితే తోటివాళ్లు నవ్వారు.

"రంగోడికి రంగు కాక పాలొస్తాయేంట్రా?"

మూత్రాశయంలో కేన్సర్ అన్నాడు గుంటూరు డాక్టరు. కాగులో వేసే ఎరుపు రంగు పొడి వల్లే వచ్చిందని, దాన్ని ప్రభుత్వం మార్చిలోనే నిషేధించిందని కూడా చెప్పాడు. దైవాధీనం మంచాన పడి, షెడ్డులో ఇంకా ఆ పొడే వాడుతున్నారని అక్కడి నుంచే ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు.

కాగులో ఉప్పు తక్కువైతే పొడి రంగు బట్టకు పట్టదు. బట్ట వేసే ముందు అతను వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి. తండ్రి కాలంలో ఎరుపు కోసం మంజిష్ఠ వేరు ఉడికేది. దానికి ఉప్పు అక్కర్లేదు. నాలుకకు వగరు తగిలితే బట్ట వేసేవారు. వేరు పోయి పొడి వచ్చినా రుచి చూడటం మానలేదు.

ఫిబ్రవరిలో ఆ అర్జీ మీద తనిఖీకి అధికారి వస్తున్నాడని తెలిసి దైవాధీనం మంచం దిగి షెడ్డుకు వెళ్లాడు. భార్య రాజమ్మ అక్కడ బట్టలు ఆరేసే పనిలోనే ఉందనుకున్నాడు. ఆమె కాగు దగ్గర ఉంది. వేలు నోట్లో ఉంది. అతను కాగు కలిపే కర్రతో ఆ చేతి మీద కొట్టాడు. వేలు విరిగింది.

"చచ్చినోడా! ఉప్పు చూస్తన్నాను!"

"ఉమ్మవే! ఉమ్ము!"

అప్పటికే అధికారి లోపలికి వచ్చాడు. ఈశ్వరప్రసాద్ మంజిష్ఠ వేర్ల బస్తా విప్పి చూపించాడు.

"అంతా మంజిష్ఠేనండీ."

"మంజిష్ఠకి ఉప్పు బస్తాలెందుకండీ ప్రసాద్ గారూ?" అన్నాడు దైవాధీనం.

"జబ్బు చేసి వీడికి మతి పోయిందండీ."

"అయితే ఓ చుక్క మీరూ రుచి చూడండి."

ఈశ్వరప్రసాద్ వెనక్కి జరిగాడు. దైవాధీనం చల్లారిన కాగులో మగ్గు ముంచి, అతని చొక్కా పట్టుకుని నోటికి కొట్టాడు. పెదవి చీలింది. పన్ను ఊడింది. పనివాడొకడు వెనక నుంచి దైవాధీనాన్ని కర్రతో బాదాడు. పక్కటెముక విరిగినా అతను చొక్కా వదల్లేదు.

"తాగితే చస్తాన్రా! పొడిరా అది!" అని అరిచాడు ఈశ్వరప్రసాద్.

"ఏ పొడండీ?" అధికారి కలం తీశాడు.

సాయంత్రానికి షెడ్డుకు సీలు పడింది. మళ్లీ తెరిస్తే వేరు రంగే వాడాలని కాగితం అంటించారు. యజమానిని కొట్టినందుకు దైవాధీనాన్ని పోలీసులు జీపు ఎక్కించారు. రాజమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని పక్కన నిలబడింది.

"ఇవాళేగా కాగు దగ్గరికెళ్లింది?" అన్నాడతను.

"నువ్వు మంచాన పడ్డ కాడ్నించీ నేనే చూస్తన్నానయ్యా."

జీపు కదిలింది.