కడిగిన చెట్లు

"ఆ కొమ్మ ఇడిసిపెట్టినావే. దాన్ని మీ నాయనొచ్చి కడుగుతాడా?" అని కింద నుంచి అరిచాడు తిప్పేష్.

భద్రమ్మ రబ్బరు పైపును ఆ కొమ్మ వైపు తిప్పింది. వేపాకుల మీద పేరుకున్న బూడిదరంగు పొర జారి ఆమె మొహాన పడింది. ట్యాంకరు పక్కన ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి చూస్తున్నారు. రెండేళ్లుగా వానల్లేవు. ఊరి బోరు ఎండిపోయింది. మనుషులకు తాగే నీళ్లు లేని చోట చెట్లకు తలంట్లు పోయిస్తున్న ఘనత సిమెంటు ఫ్యాక్టరీది.

"ఒక్క బిందె పట్టుకుంటామన్నా," అంది గౌస్‌బీ.

"ఆఫీసరు సారు వచ్చేది మీ బిందెలు చూసేకి కాదక్కా, ఆకులు చూసేకి. మిగిల్తే చూస్తాం పోండి."

మిగలవని అందరికీ తెలుసు. తిప్పేష్ ఫ్యాక్టరీకి కూలీలను తోలే మేస్త్రీ. నిన్న మొన్నటి దాకా ఇదే ఊళ్లో గొర్రెలు కాశాడు. ఇప్పుడు మోటారు సైకిలు, మెడలో గొలుసు. మేనేజరుకు రావలసిన కోపం మేనేజరు కంటే ముందు అతనికే వస్తుంది.

ఫ్యాక్టరీ పొగగొట్టానికి దుమ్మును పట్టి ఆపే యంత్రం ఒకటి ఉంది. ఢిల్లీ చట్టం ఉండాలంది కాబట్టి ఉంది. అది కరెంటు తాగుతుందని మేనేజరు దాన్ని ఆపే ఉంచుతాడు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే పరిచే దుప్పటిలా, తనిఖీ రోజున నడిపిస్తాడు. మిగతా రోజుల్లో ఆ దుమ్మంతా గాలి వాలున ఉన్న ఈ ఊరిదే. శెనక్కాయ చేలల్లో, సంగటి ముద్దలో, భద్రమ్మ మొగుడు బాలప్ప రొమ్ములో. అదే ఫ్యాక్టరీలో సంచులకు సిమెంటు పట్టినవాడు బాలప్ప. తిప్పేష్‌ను వెంటబెట్టుకుపోయి పనిలో చేర్చిందీ అతనే. దగ్గు ముదిరాక అతన్ని గేటు బయట పెట్టారు. ఇప్పుడు ఫ్యాక్టరీ ఊడ్చి భద్రమ్మ తెచ్చే కూలితోనే పొయ్యి వెలగాలి.

మధ్యాహ్నం కాలుష్య తనిఖీ ఆఫీసరు దిగాడు, ఫ్యాక్టరీ జీపులోనే. చెట్లను చూసి, "పచ్చదనం బాగా పెంచారే," అన్నాడు. మేనేజరు వినయంగా నవ్వాడు.

గాలిలో దుమ్ము కొలిచే పెట్టెను ఎత్తున పెట్టాలి, కరెంటు అందాలి. ఆ వాలున గట్టి మిద్దె భద్రమ్మదే. నిచ్చెన మీదుగా పెట్టెను ఎక్కించి, లోపల తెల్లకాగితం బిగించి, ఇంట్లోని ప్లగ్గుకు వైరు తగిలించారు. మర్నాటి దాకా అది గాలి పీలుస్తుంది. కాగితం మీద పట్టిన దుమ్మే సాక్ష్యం. హద్దు మించితే ఫ్యాక్టరీకి తాళం. ఇంతవరకు చెప్పి ఆఫీసరు గెస్ట్ హౌసుకు వెళ్లిపోయాడు. అక్కడ నాటుకోడి ఉడుకుతోంది. పెట్టెకు కాపలా ఉండడం ఆయన ఉద్యోగంలో లేదు కాబోలు.

జీపు మలుపు తిరిగిందో లేదో, తిప్పేష్ తడి గోనెపట్టాలు తెప్పించాడు.

"పెట్టె సుట్టూ కట్టు. ఆరేకొద్దీ తడుపు. డ్రమ్ము నిండా నీళ్లు పైకెక్కించినాం. బాగా చేసినావంటే నీ పని పర్మనెంటని సారు చెప్పినాడు."

"తడపకుంటే?"

"రేపట్నుంచి గేటు తట్టు రావద్దు."

భద్రమ్మ కట్టింది. తడిపింది. చెమ్మగిల్లిన గోనెల మధ్య పెట్టె పురిటింటి బాలింతలా పదిలంగా కూర్చుంది.

పొద్దు వాలుతుండగా పొగగొట్టం రంగు మారింది. పెట్టె భద్రంగా ఉందన్న ధీమాతో యంత్రాన్ని ఆపేశారు. ఒక్క రాత్రి కరెంటు ఖర్చు కూడా భరించలేని లోభులు. బూడిద మబ్బు ఊరి మీదికి దిగింది. మిద్దె కింద బాలప్పకు దగ్గు తెర మొదలైంది.

"భద్రీ... గొంతు తడుపుకునేకి రొన్ని నీళ్లు..."

ఆమె డ్రమ్ములో చెంబు ముంచి నిచ్చెన దిగబోయింది. కింద తిప్పేష్ అడ్డం నిలబడ్డాడు.

"యాడికి? అవి గోనెల నీళ్లు."

"మనిషి దగ్గుతాండాడు తిప్పేషా."

"ఈ పొద్దు కొత్తగా దగ్గుతాండాడా ఏం? గోనె ఆరితే నా పని పోతాది. ఎక్కు పైకి."

భద్రమ్మ పైకెక్కింది. పొద్దున కడిగిన వేపచెట్టు కిందికి తిప్పేష్ తాపీగా పోయి బీడీ ముట్టించుకున్నాడు. ఆమె చెంబు మెడకు తాడు కట్టి, వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాక్షిలోంచి లోపలికి దించింది.

"తాగు. తాగి తలుపు గడె ఎయ్యి. ఎవురు పిలిచినా తియ్యొద్దు."

తర్వాత నిచ్చెన పైకి లాగేసింది. ఆ చప్పుడుకు తిప్పేష్ తిరిగి చూసేసరికి మొదటి గోనెపట్టా అతని కాళ్ల దగ్గర థప్పున పడింది. వెనకే రెండోది.

"ఏమే, దయ్యం పట్టిందా? నిచ్చెన దించు."

"ఇది నా మిద్దె."

"సారుకు చెప్తా."

"చెప్పుపో. కోడి తినడం అయినాక రమ్మను."

తిప్పేష్ వైరు పీకడానికి తలుపు దగ్గరికి ఉరికాడు. లోపల గడె పడిన చప్పుడు, దాని వెంటే బాలప్ప దగ్గు వినిపించాయి. తిప్పేష్ తలుపును కాలితో తన్నాడు. ఆ రభసకు వీధిలో ఒక్కో తలుపే తెరుచుకుంది.

"గౌస్‌బీ, బిందెలు తెమ్మను అందరినీ," అని పైనుంచి కేకేసింది భద్రమ్మ. "డ్రమ్ము నిండా ఉండాది."

ఆమె వెనక పెట్టె గుయ్యిమంటూ గాలి పీలుస్తూనే ఉంది. మూత సందులోంచి కనిపించే కాగితం అప్పటికే తెల్లగా లేదు.